దేవుడు లేకుండా లోపలికి చూసుకోవడం: సరిదిద్దేది ఎవరన్నదే అసలు చిక్కు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, దక్షిణ ఒడిశాలోని ఈ బెల్ట్ మొత్తంలో తెలుగు ఇళ్ళల్లో ఒక రకం మనుషులు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. గుడికి వెళ్ళరు, ఇంట్లోవాళ్ళని బండి మీద దింపాల్సొస్తే బయట చెప్పుల దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటారు, దేవుడున్నాడా అనడిగితే లేడనో తెలీదనో అంటారు, కానీ పొద్దున్నే లేచి అరగంట కళ్ళు మూసుకుని కూర్చుంటారు, కోపం తగ్గించుకోవాలని నిజంగానే కష్టపడతారు, రాత్రి పడుకునే ముందు ఈరోజు ఎవరితో ఎలా మాట్లాడాం అని లెక్క చూసుకుంటారు. ఇది ఇంట్లో పెద్దవాళ్ళకి మింగుడు పడదు. "దండం ఎవరికీ పెట్టవు, మరి ఆ కూర్చోడం ఎవరికోసంరా నాన్నా" అని అడుగుతారు. హేతువాదం గట్టిగా పట్టుకున్న స్నేహితులేమో ఇంకోలా దెప్పుతారు, దేవుణ్ణి ముందు గుమ్మంలోంచి పంపేసి దొడ్డిదారిన మళ్ళీ తెచ్చుకుంటున్నావురా అని.

వినడానికి ఈ రెండు మాటలూ ఎదురెదురుగా ఉన్నాయి గానీ రెండిటి కిందా ఉన్న నమ్మకం ఒకటే, ఆధ్యాత్మికం అంటే అది దేవుడి వ్యవహారమని. మన దేశంలో ఆ లెక్క ఏ కాలంలోనూ పూర్తిగా సరిపోలేదు, దానికి సాక్ష్యం ఎక్కడో కాశీలో వెతకక్కర్లేదు, గంజాం జిల్లాలోనే ఉంది, ముందుముందు వస్తుంది. అయితే దేవుడు లేకుండా ఇది కుదురుతుందా అన్న ప్రశ్న నిజానికి తేలికైన ప్రశ్న, కుదురుతుందని ఎప్పుడో తేలిపోయింది. కష్టమైన ప్రశ్న వేరే ఉంది: ఆయన్ని పక్కన పెట్టాక ఇన్నాళ్ళూ ఆయన చేసిపెట్టిన పనులు, అంటే వినడం, చూస్తూ ఉండడం, తప్పు చేస్తే పట్టుకోవడం, ఇవన్నీ ఎవరు చెయ్యాలి? దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ముందు ఈ మనుషులకి అసలు ఏం కావాలో చూడాలి. మోక్షం, కైవల్యం లాంటి మాటలు వీళ్ళ నోట రావు. కావాల్సినవి చాలా మామూలువి. ఎవరో ఒక మాట అంటే మూడు రోజులు దాన్నే నమలకుండా ఉండగలగాలి, చావు గుర్తొచ్చినప్పుడు గుండె జారిపోకూడదు, పక్కవాడు ఇల్లు కడుతుంటే కడుపు మండకూడదు, తన గురించి తను చెప్పుకుంటున్న కథల్లో అబద్ధం ఎంతో తెలియాలి. ఇందులో చివరిది అన్నిటికన్నా కష్టం. మెడిటేషన్ యాప్ పెట్టుకుంటే మొదటిది కొంతవరకు వస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆస్పత్రిలో జాన్ కబాట్-జిన్ 1979లో స్ట్రెస్ తగ్గించే క్లాసులు మొదలుపెట్టినప్పుడు బౌద్ధ ధ్యానంలోంచి మతం మాటలు తీసేసి శ్వాస మీద, ఒంటి మీద ధ్యాస పెట్టడం మాత్రమే ఉంచాడు, అది ప్రపంచమంతా పాకింది. మంచిదే. కానీ స్ట్రెస్ తగ్గడం ఒకటి, తనని తను తెలుసుకోవడం ఇంకొకటి. రోజూ అరగంట ధ్యానం చేసి చాలా ప్రశాంతంగా, బీపీ పెరక్కుండా తమ్ముడి వాటా కాజేసినవాళ్ళు కూడా ఉంటారు.

ఇక పాత దారుల సంగతి. వేదాన్ని ఒప్పుకుంటూనే సృష్టికర్తని పక్కన పెట్టినవాళ్ళు మనకి చాలామందే ఉన్నారు. సాంఖ్య దర్శనంలో ప్రకృతి (జడ పదార్థం), పురుషుడు (చైతన్యం) రెండే, ఈశ్వరకృష్ణుడు రాసిన కారికల్లో (సూత్రాల్లాంటి శ్లోకాల్లో) ప్రపంచం నడవడానికి ఈశ్వరుడి అవసరమే రాదు (రాసినాయన పేరులోనే ఈశ్వరుడున్నాడు, అది వేరే తమాషా). పూర్వమీమాంస వాళ్ళు యజ్ఞాలు చేయించే సంప్రదాయం, అంతకంటే ఆచారపరులు దొరకరు, అయినా ఏడో శతాబ్దం ప్రాంతంలో కుమారిలభట్టు వేసిన ప్రశ్నలు ఇప్పటి హేతువాది వేసినట్టే ఉంటాయి. సృష్టికి ముందు ఏమీ లేకపోతే ఆ ప్రజాపతి ఎక్కడ నిలబడ్డాడు, ఏ ఒంటితో సృష్టించాడు, ఏ అవసరం కొద్దీ సృష్టించాడు, ఇంత దుఃఖంతో నిండినదాన్ని దయ ఉన్నవాడు ఎందుకు చేస్తాడు, ఇలా సాగుతాయి. పతంజలి ఈశ్వరుణ్ణి ఉంచాడు గానీ ఆ భక్తిని మనసు నిలవడానికి ఉన్న మార్గాల్లో ఒకటిగానే పెట్టాడు. ఇక వేదాన్ని ఒప్పుకోనివాళ్ళలో, జైనులకి సృష్టికర్త లేడు. బుద్ధుడు ఇంకో మెట్టు ముందుకెళ్ళి ప్రపంచం శాశ్వతమా కాదా, చచ్చాక ఏముంటుంది లాంటి ప్రశ్నలనే పక్కన పెట్టేశాడు, విషపు బాణం దిగినవాడు దాన్ని తియ్యనివ్వకుండా కొట్టినవాడి కులం గోత్రం అడుగుతూ కూర్చుంటే చస్తాడు తప్ప బాగుపడడు అన్నాడు.

ఇవన్నీ పుస్తకాల్లో సంగతులు కదా అనిపిస్తే బరంపురం నుంచి పురుషోత్తంపూర్ వైపు ఒకసారి వెళ్ళాలి. ఋషికుల్యా నది దగ్గర జౌగడ అనే చోటు ఉంది, పాత కోట మట్టిగోడల ఆనవాళ్ళ మధ్య ఒక కొండరాయి, దాని మీద బ్రాహ్మీ అక్షరాలు, అశోకుడు చెక్కించినవి. కళింగ యుద్ధం సుమారు క్రీస్తుపూర్వం 261లో జరిగింది. దేశంలో వేరేచోట్ల ఉన్న పదమూడో శాసనం, ఆ యుద్ధంలో ఎంతమంది చచ్చారో చెప్పి పశ్చాత్తాపపడే శాసనం, ఇక్కడ లేదు, ఓడిపోయిన జనం మధ్య దాన్ని చెక్కించడం బాగోదనుకున్నారేమో. దాని బదులు ఈ రాయి మీద, భువనేశ్వర్ దగ్గర ధౌలి రాయి మీద రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. జౌగడలో ఉన్నవి సమాపా అనే ఊళ్ళో పనిచేసే అధికారుల్ని ఉద్దేశించి రాసినవి. మనుషులందరూ నా బిడ్డలే అన్న ప్రసిద్ధమైన మాట వీటిలోదే. దానికంటే ఆసక్తికరమైన ముక్క ఆ పక్కనే ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అక్కడ అశోకుడు అధికారులకి చెప్తున్నది ఇది: కొంతమంది కారణం లేకుండా జైల్లో పడుతున్నారు, దెబ్బలు తింటున్నారు, దానివల్ల ఇంకా చాలామంది బాధపడుతున్నారు, మీరు మధ్యస్థంగా ఉండాలి, కానీ కొన్ని గుణాలుంటే అది చేతకాదు. ఆ గుణాల్ని వరసగా చెప్తాడు. ఈర్ష్య, చటుక్కున వచ్చే కోపం, కఠినత్వం, తొందరపాటు, అభ్యాసం లేకపోవడం, బద్ధకం, అలసట. ఇవి నాలో ఉండకూడదు అని ప్రతివాడూ కోరుకోవాలంటాడు, వీటన్నిటి నుంచీ బయటపడడానికి మూలం కోపం లేకపోవడం, తొందరపడకపోవడం అంటాడు. అలసటని ఈ లిస్టులో పెట్టడం చూస్తే ఆశ్చర్యమేస్తుంది, ఆఫీసు టైమ్ అయిపోతోందన్న విసుగులో పడే సంతకం ఒక మనిషి జీవితాన్ని ఏం చేస్తుందో తెలిసినవాడు రాసిన లిస్టు అది. ఆ శాసనాన్ని తిష్య (పుష్యమి) నక్షత్రం ఉన్న రోజుల్లో చదివి వినిపించాలని, మధ్యమధ్యలో ఒక్కడున్నా సరే వినిపించాలని కూడా రాయించాడు. అంటే ఇది ఒకసారి చదివి మెచ్చుకుని వదిలేసే ఉపదేశం కాదు, టైమ్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ తనని తను చూసుకునే పద్ధతి.

న్యాయంగా ఇంకోవైపూ చెప్పాలి. ఆ శాసనంలో అశోకుడి బిరుదే దేవానాంప్రియుడు, అంటే దేవుళ్ళకి ఇష్టమైనవాడని, పైగా ఇలా చేస్తే మీకు స్వర్గం వస్తుంది, నా ఋణం కూడా తీరుతుంది అని ఆశ చూపిస్తాడు. కాబట్టి అశోకుణ్ణి తీసుకొచ్చి ఇవాళ్టి నాస్తికుల గుంపులో కూర్చోబెట్టడం కుదరదు. కానీ ఆ ఏడు గుణాల్ని చూసుకోవడానికి ఏ దేవుడి పేరూ తల్చుకోనక్కర్లేదు, ఎవరి అనుగ్రహమూ అక్కర్లేదు, లోపల చూసుకున్నదాని ఫలితం బయట జైల్లో ఉన్నవాడి మీద కనిపించాలి, అంతే.

ఇలాంటి జాగ్రత్తే గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర జీరంగ్ విషయంలోనూ ఉండాలి. 1960ల మొదట్లో టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకి అక్కడ చోటిచ్చారు, ఇప్పుడు పెద్ద బౌద్ధ మఠం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. బరంపురం, పర్లాకిమిడి నుంచి ఆదివారం కార్లేసుకుని వెళ్ళి ఫోటోలు దిగి, మొక్కజొన్న పొత్తులు తిని వచ్చేవాళ్ళే ఎక్కువ. చూడు, వీళ్ళకి దేవుడు లేడు, అయినా ఎంత ప్రశాంతంగా ఉన్నారో అని కొందరు అనేస్తారు. అది సగం నిజం. ప్రపంచాన్ని సృష్టించి నడిపించేవాడు వాళ్ళ దర్శనంలో లేడు, కానీ వాళ్ళ గురువు పద్మసంభవుడికి పూజ ఉంది, రకరకాల దేవతలున్నారు, ప్రార్థన చక్రాలున్నాయి, పునర్జన్మ ఉంది. అలాగే ఒడిశాలో పుట్టిన మహిమా ధర్మం, భీమభోయి పాటలు పాడుకునేవాళ్ళది, విగ్రహాన్ని గట్టిగా వద్దంటుంది గానీ అలేఖ పరబ్రహ్మని, అంటే రూపం లేని దేవుణ్ణి, కాదనదు. విగ్రహం వద్దనేవాణ్ణి కూడా నాస్తికుడని తిట్టడం మన దగ్గర అలవాటు, వేమనకీ ఆ తిట్లు తప్పి ఉండవు. దేవుణ్ణి వదిలేసి లోపలికి చూసుకోవాలనుకునేవాడు ఈ దారుల నుంచి పద్ధతులు తీసుకోవచ్చు, వాళ్ళ నమ్మకాలన్నీ మాయమైపోయాయని మాత్రం అనుకోకూడదు. గోయెంకా గారి విపశ్యన అనే ధ్యానం క్లాసులు కూడా అంతే, 1969 నుంచి మన దేశంలో నడుస్తున్నాయి, పది రోజులు మాట్లాడకుండా తెల్లవారుజామున 4 గంటలకి లేచి కూర్చోవాలి, ఏ దేవుడి పేరూ జపించరు, అయినా సాయంత్రం ఉపన్యాసాల్లో జన్మజన్మల మాట వస్తుంది. నచ్చింది తీసుకుని మిగతాది అక్కడే వదిలేసి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, తప్పేం కాదు.

పక్కాగా దేవుడు లేడన్నవాడే కావాలంటే మన ప్రాంతం వాడే ఉన్నాడు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టింది ఛత్రపురంలో. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. ఆయన వృక్షశాస్త్రం లెక్చరర్, కాకినాడలో ఒక ఉద్యోగం, బందరులో ఒక ఉద్యోగం, రెండూ నాస్తికత్వం మూలంగానే పోయాయి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో దాన్ని విజయవాడకి మార్చాడు. ఛత్రపురం వీధుల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమందో చెప్పడం కష్టం, బరంపురంలో పుట్టిన రాష్ట్రపతి వి.వి.గిరిని గుర్తుపెట్టుకున్నంతగా గోరాని గుర్తుపెట్టుకోలేదన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది.

గోరా ధ్యానం నేర్పలేదు, ఆత్మ గురించి మాట్లాడలేదు, మరి ఈ వ్యాసంలో ఆయనకేం పని అనిపించొచ్చు. పని ఉంది. దేవుడు లేడంటే మనిషి స్వతంత్రుడు, స్వతంత్రుడంటే చేసినదానికి పూర్తి బాధ్యుడు, తలరాత మీదకి, పూర్వజన్మ మీదకి నెట్టడానికి లేదు, ఇదీ ఆయన మాటల సారం. అందుకే ఆయన నాస్తికత్వం దేవుడున్నాడా లేడా అనే చర్చ దగ్గర ఆగిపోలేదు, కులం తీసెయ్యడం దాకా వెళ్ళింది. 1940ల్లో గాంధీతో ఈ విషయం మీద చాలాసార్లు మాట్లాడాడు. గాంధీ అప్పటికే 1931లో, దేవుడే సత్యం అనే తన పాత మాటని తిరగేసి సత్యమే దేవుడు అని చెప్పి ఉన్నాడు, కాబట్టి ఇద్దరికీ మాట్లాడుకోవడానికి జాగా దొరికింది. గోరా కూతురు మనోరమకి దళిత యువకుడితో పెళ్ళి కుదిరితే, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నాడు, గాంధీ హత్య తర్వాత 1948లో సేవాగ్రాంలోనే ఆ పెళ్ళి జరిగింది. గోరా కొడుకు లవణం, కోడలు హేమలత (జాషువా గారమ్మాయి) స్టువర్టుపురంలో దొంగలని ముద్రపడిన కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. దీన్ని ఆధ్యాత్మికం అనొచ్చా అంటే గోరా ఒప్పుకునేవాడు కాదు. అశోకుడి లిస్టు పక్కన పెట్టి చూస్తే మాత్రం రెండూ ఒకదానికొకటి దూరంగా ఏమీ లేవు.

సరే, లోపలికి చూసుకోవడం అంటే కూర్చుని ఏం చెయ్యాలి? దీనికి మన సరిహద్దు తెలుగువాళ్ళకి రోజూ దొరికే ఉదాహరణ ఒకటుంది. ఏదో కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి ఒడియాలోనే మాట్లాడతాం, యాస పట్టేసి అవతలివాడు చిన్నగా నవ్వి, "తెలెంగా కి?" అంటాడు, తెలుగువాడివా అని. చెవులు వేడెక్కుతాయి. నెల తిరక్కుండా విశాఖపట్నంలో చుట్టాల పెళ్ళికి వెళ్తాం, భోజనాల దగ్గర ఎవరో "మీరు ఒరిస్సావాళ్ళు కదండీ, మీ తెలుగు అదోలా ఉంటాది" అంటారు. మళ్ళీ చెవులు వేడెక్కుతాయి. రాత్రి కూర్చున్నప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే విషయం బయటపడుతుంది. మొదటిచోట దెబ్బ తిన్నది తెలుగువాణ్ణన్న నేను. రెండోచోట దెబ్బ తిన్నది తెలుగువాడిగా చాలని నేను. ఈ రెండు నేనులూ ఒకదానికొకటి పొసగవు, అయినా నొప్పి అచ్చం ఒకేలా ఉంది, గొంతు దగ్గర అదే బిగింపు, ఇలా అనాల్సింది అలా అనాల్సింది అని అదే డైలాగు పదిసార్లు తిరగడం. అప్పుడు నిజంగా గాయపడింది ఏది అని అడిగితే భాష కాదు, ఊరు కాదు, నలుగురిలో నేను ఒకణ్ణని అనిపించుకోవాలన్న ఆరాటం అని కనిపిస్తుంది. చాలాసార్లు విచారణ ఇక్కడే ఆగుతుంది, ఆగడమే మంచిది. ఇక్కణ్ణుంచి ఒక్క గెంతులో నేను శుద్ధ చైతన్యాన్ని అనే మాటకి వెళ్ళిపోవడం చదువుకున్నదాన్ని అప్పజెప్పడమే అవుతుంది.

రమణ మహర్షి నేనెవరు అనే ప్రశ్నని ఇలా వెనక్కి పట్టుకెళ్ళమన్నారు, ఆలోచన వస్తే అది ఎవరికొచ్చింది అని. ఆయన అరుణాచలం అంటే ప్రాణం పెట్టిన మనిషి, నాస్తికుడు కాదు, కానీ ఆ ప్రశ్న వేసుకోవడానికి ముందు దేవుణ్ణి నమ్మి రమ్మని షరతు పెట్టలేదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన కోసం కట్టిన సంస్థనే 1929లో రద్దు చేసి, గురువూ వద్దు, మంత్రమూ వద్దు, మనుషులతో మసలుకునేటప్పుడు నీ మనసు ఏం చేస్తోందో అక్కడే చూడు అన్నాడు. చిక్కేమిటంటే లోపలికి చూసినవాళ్ళందరూ ఒకే జవాబు తేలేదు. రమణుల దారిలో చివరికి ఆత్మ దొరుకుతుంది, బుద్ధుడి దారిలో వెతికినచోటల్లా అలాంటిదేదీ లేదని తెలుస్తుంది. స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739లో అచ్చయిన పుస్తకంలో రాసిందీ అదే, తనలోకి చూసుకున్నప్పుడల్లా ఏదో ఒక వేడి, చలి, ప్రేమ, ద్వేషమే తగులుతోంది తప్ప నేను అనేది విడిగా దొరకట్లేదని. అంటే మనం ఏ మాటలతో వెతకడం మొదలుపెడతామో జవాబు కూడా కొంతవరకు ఆ మాటల్లోనే వస్తుందన్నమాట. నమ్మకం లేనివాడికి ఇక్కడ ఒక చిన్న సౌకర్యం ఉంది, ఏ జవాబునీ కాపాడాల్సిన బాధ్యత వాడి మీద లేదు.

బజారు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దేవుడి పేరు తీసేసి ఎనర్జీ, వైబ్రేషన్, క్వాంటం అని పేరు మార్చి అదే తాయెత్తు అమ్మే వీడియోలు తెలుగులో ఒడియాలో కుప్పలు. ప్రశ్న అడిగితే నీ అహం మాట్లాడుతోంది అని నోరు మూయించే చోటు ఏదైనా, అక్కడ దేవుడి ఫోటో ఉన్నా లేకపోయినా, లేచి వచ్చెయ్యడమే మంచిది.

పండగలు మాత్రం అంత తేలిగ్గా తేలవు. బరంపురంలో రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ జాతర జరిగితే ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. తెలుగు మూలాలున్న నేతపనివాళ్ళ కులం, దేరా వాళ్ళు, అమ్మవారిని తమ ఇంటి ఆడపడుచుగా అనుకుంటారు, ఆమె దేశిబెహరా వీధిలోకి పుట్టింటికి వచ్చినట్టే లెక్క, సాయంత్రం ఘటాలు ఊరు తిరుగుతాయి, మొక్కున్నవాళ్ళు పులివేషం శివుడి వేషం వేసుకుని తిరుగుతారు. ఆ వీధిలో పుట్టిన కుర్రాడికి నమ్మకం పోయిందనుకుందాం. తల్లి ఘటం వెంట నడుస్తుంటే వాడు పక్కన నీళ్ళ సీసా పట్టుకుని నడవాలా, ఇంట్లో తలుపేసుకుని తన నిజాయితీని కాపాడుకోవాలా? నడవడమే మేలనిపిస్తుంది. నమ్మనిదాన్ని నమ్ముతున్నట్టు మొక్కితే అబద్ధం, అమ్మతో నడిస్తే అబద్ధం కాదు. గోరా అయితే దీన్ని మెత్తదనం అని కోప్పడేవాడేమో. అయితే ఆ జాతరలో కోళ్ళ దగ్గర, ఖర్చు దగ్గర, ఎవరు ముందు నడవాలన్న కులం పట్టింపు దగ్గర తనకి నచ్చనిది ఉంటే అది నోరు విప్పి చెప్పాలి, ఊరికే వెంట నడిచి ఊరుకోవడం కూడా తప్పించుకోవడమే.

ఇంకో హెచ్చరిక కూడా కావాలి. ఎవరైనా పోయినప్పుడు నమ్మేవాళ్ళకి దేవుడు తీసుకెళ్ళాడన్న మాట ఒకటుంటుంది, పదో రోజు దాకా చెయ్యాల్సిన పనులుంటాయి, చుట్టూ జనం ఉంటారు. నమ్మనివాడు కర్మకాండ వద్దంటే మాటా పోతుంది, పనీ పోతుంది, కొన్నిసార్లు జనమూ పోతారు. ఒంటరిగా చీకట్లో కూర్చుని నేనెవరు అని తవ్వుకోవడం ఆ టైమ్‌లో మందు కాదు, కొందరికి ఇంకా లోతుగా కూరుకుపోయేలా చేస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఏదీ నిజం కాదనిపించడం, చచ్చిపోవాలనిపించడం వరకు వెళ్తే కూర్చోడం ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, బరంపురంలోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఇప్పుడు మొదట అన్న చిక్కు దగ్గరికి వద్దాం. నమ్మేవాడు రాత్రి దండం పెట్టుకునేటప్పుడు తన లోపల ఇంకొకడు చూస్తున్నాడనుకుంటాడు. ఆ చూసేవాడు ఊహే కావచ్చు, కానీ వాడి ముందు అబద్ధం చెప్పడం కష్టం. నమ్మకం పోయాక ఆ పీట ఖాళీ అవుతుంది, ఖాళీ అయిన మరుక్షణం దాని మీద నేనే ఎక్కి కూర్చుంటాను. అప్పుడు తప్పు చేసినవాడు నేనే, సాక్షి నేనే, జడ్జీ నేనే, ఇక కేసు ఎప్పుడు ఓడిపోతాను? దేవుణ్ణి వదిలేసిన చాలామందిలో కనిపించే ఒక రకం గర్వం, గుడికెళ్ళేవాళ్ళని చూస్తే పెదవి విరుపు, ఇక్కణ్ణుంచే వస్తుంది. ఏళ్ళ తరబడి కళ్ళు మూసుకుని కూర్చున్నా ఈ ఒక్క తప్పుని సొంతంగా పట్టుకోవడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే పట్టుకోవాల్సిన కన్నే అటు తిరగదు.

సృష్టికర్త లేని పాత దారులు ఈ సంగతి బాగా ఎరుగుదురు. అందుకే వాటిల్లో ధ్యానంతో పాటు బయటి మనిషికి ఒక చోటు తప్పకుండా ఉంటుంది. జైనుల్లో సామాయికం అని 48 నిమిషాలు కూర్చునే పద్ధతి ఉంది, దాని పక్కనే ప్రతిక్రమణం ఉంది, చేసిన తప్పులు ఒక్కొక్కటీ తల్చుకుని వెనక్కి తీసుకోవడం, ఏడాదికోసారి పర్యూషణం అనే పండగ అయ్యాక తెలిసిన ప్రతివాళ్ళనీ క్షమించమని అడగడం. మన బజార్లలో జైన కొట్టువాళ్ళ దగ్గర సరుకు తెచ్చుకునేవాళ్ళు ఈ మాట విని ఉంటారు, పండగ శుభాకాంక్షల్లా తీసుకుని ఊరుకుంటారు గానీ అప్పిచ్చినవాడు అప్పు తీసుకున్నవాణ్ణి క్షమించమని అడగడం చిన్న విషయం కాదు. అశోకుడు అధికారులకి లిస్టు ఇచ్చి ఊరుకోలేదు, అదే శాసనంలో, ఐదేళ్ళకోసారి కఠినుడు కాని ఒక అధికారిని పర్యటనకి పంపించి మీరు చెప్పినట్టు చేస్తున్నారో లేదో చూయిస్తాను అన్నాడు. గోరా దాపరికం లేకుండా బతకడాన్ని పట్టుకున్నాడు, ఇంట్లో జరిగేది నలుగురికీ తెలిసేలా ఉంటే మోసం చేసుకోవడానికి చోటు తగ్గుతుందని.

అన్నిటికన్నా సూటిగా ఉన్నది బౌద్ధ భిక్షువుల పవారణ. వానాకాలం మూడు నెలలు ఒకచోట కలిసి ఉన్నాక, విడిపోయే ముందు అందరూ కూడతారు, ఒక్కొక్కరూ చేతులు జోడించి మిగతావాళ్ళని అడుగుతారు, నాలో ఏదైనా తప్పు చూసి ఉంటే, విని ఉంటే, అనుమానం వచ్చి ఉంటే దయతో చెప్పండి, తెలిస్తే దిద్దుకుంటాను అని, అదీ మూడుసార్లు. ఇందులో అడిగేది దేవుణ్ణి కాదు, మూడు నెలలు పక్కన పడుకుని లేచినవాళ్ళని, వాళ్ళకి మన గురించి తెలియనిదేముంటుంది.

ఇలాంటిది మన ఊళ్ళల్లో నలుగురు కలిసి ఆదివారం సాయంత్రం గోపాల్‌పూర్ బీచ్‌లో కూర్చుని మొదలుపెట్టొచ్చు, ఖర్చేమీ లేదు, ఎవరి నమ్మకమూ అడ్డు రాదు, నమ్మేవాళ్ళు కూడా వచ్చి కూర్చోవచ్చు. అడ్డొచ్చేది వేరే. "మావయ్యా, నిన్న మీరు అత్తని అందరి ముందూ అలా కసురుకోవడం ఏం బాగోలేదు" అని ఇరవై ఏళ్ళ మేనల్లుడు అనగలడా? అంటే ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కనిస్తారా? మన దగ్గర పెద్దవాడి తప్పు చిన్నవాడు చెప్పడం మర్యాద కిందకి రాదు, తోటివాళ్ళు చెప్తే పగ, ఆడవాళ్ళు చెప్తే అసలు లెక్కే లేదు. పవారణలో దీనికి ఒక ఏర్పాటు ఉంది, వయసులో కాకపోయినా సంఘంలో అందరికంటే సీనియర్ అయిన భిక్షువే మొదట చేతులు జోడించి అడగాలి, ఆ తర్వాతే కిందివాళ్ళు. ఆ వరస తిరగబడితే, అంటే కుర్రాళ్ళనే ముందు తప్పులొప్పుకోమని పెద్దవాళ్ళు వింటూ కూర్చుంటే, అది మామూలుగా ఇంట్లో రోజూ జరిగే క్లాసు పీకుడే అవుతుంది.